మిస్సింగు: పాత పెట్రోలు కార్ల ఇంజనులందు నడుమనడుమ తలయెత్తు దహనలోపము

పెట్రోలు ఇంజనునందలి సిలిండర్లలో ఏదేని యొకటి, తన వంతు వచ్చిన క్షణమున, తనలోనికి పీల్చి కుదించిన గాలి-పెట్రోలు మిశ్రమమును మండింపకపోవుటను, లేక సగము మాత్రమే మండించి విడుచుటను మోటారు వృత్తివారు మిస్సింగు అందురు. మండని మిశ్రమము సైలెన్సరు గుండ బయటికి పోవును. ఆ వంతు శక్తి క్రాంకునకు చేరదు. బండి ఒక్క క్షణము తడబడి, కుదుపు నిచ్చి, మఱల సాగును. ఈ లోపము రెండు విధములు. ఒక సిలిండరు ఎల్లవేళల చచ్చియుండుట మొదటిది. దానిని పట్టుట నేర్పరియైన మెకానిక్కునకు పావుగంట పని. రెండవది ఒకప్పుడు వచ్చి, ఒకప్పుడు రాక, వర్క్‌షాపు గుమ్మము చేరునప్పటికి మాయమై, యజమాని ఇంటిదారి పట్టగానే మఱల ప్రత్యక్షమగునది. ప్రస్తుత వ్యాసము ఈ రెండవదానిని గూర్చినది. కొత్త ప్లగ్గులు, కొత్త పాయింట్లు, కొత్త కాయిలు వరుసగా వేయించుకొని, కొన్ని నెలల పిదప అదే కుదుపుతో తిరిగి వచ్చిన పాత కార్లు ఏ యూరి వర్క్‌షాపునందైనను కనబడును. లోపమును వెదకుట మాని, దాని ఇరుగుపొరుగున నున్న వస్తువులన్నింటిని మార్చుచు పోవుటయే ఇందుకు కారణము. నడుమనడుమ వచ్చు మిస్సింగు విషయమున వస్తువులకంటె ముందుగా విచారింపవలసినది అది వచ్చు సందర్భము: వేడిలోనా, తడిలోనా, ఎత్తులోనా, గతుకులోనా యన్నది తేలినచో లోపము సగము దొరికినట్లే.

మహారాష్ట్రమునందలి ఠాణా జిల్లాలో, కామ్‌వారి నది యొడ్డున, పాత ముంబై-ఆగ్రా రహదారిపై నున్న భివండి పట్టణము ఈ విచారణకు మిక్కిలి అనువైన స్థలము. లక్షల కొలది మరమగ్గములు, అక్కడి తెలుగువారి మాటలో సాంచాలు, నడచు ఈ పట్టణమునకు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి తరతరములుగా వలసవచ్చిన పద్మశాలీలు పద్మానగర్, కామత్‌ఘర్ మొదలగు పేటలందు స్థిరపడియున్నారు. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు ఇచ్చట కురియు వాన సాలీనా రెండువేల మిల్లీమీటర్లను మించును. ఆ నాలుగు మాసములు బానెట్టు క్రింద ఆరిన వస్తువు ఉండదు. ఎండకాలమున అంజూర్ ఫాటా వద్దను, కల్యాణ్ నాకా వద్దను కంటెయినరు లారీల నడుమ గంటల తరబడి నిలిచిన కారు ఇంజను గాలి తగులక ఉడికిపోవును. సాంచాల కొట్టముల ప్రక్క సందులలో తిరుగు కారు ఎయిర్ ఫిల్టరును నూలుపీచు మెత్తని పొరవలె క్రమముగా కప్పును. ఇక 61వ జాతీయ రహదారి భివండిలో బయలుదేరి, కల్యాణ్, ముర్బాడ్ మీదుగా మాల్షేజ్ ఘాటు నెక్కి, అహిల్యానగరము (పూర్వపు అహమద్‌నగరము), పర్భణీ, నాందేడు, నిర్మలు దాటి జగిత్యాలలో ముగియును. అనగా పెండ్లికో, పండుగకో స్వగ్రామమునకు బయలుదేరిన భివండి పద్మశాలి యొక్క పాత కారు, దాదాపు సముద్రమట్టముననుండి సహ్యాద్రి శిఖరభాగమునకు నిండు కుటుంబముతో ఎక్కవలసియుండును. తడి, వేడి, ధూళి, బరువు అను నాలుగు పరీక్షలును ఇట్లు ఒక్క ఊరినుండియే లభించుచున్నవి.

ఈ ప్రాంతమున పాత కారనగా మొదట తలపునకు వచ్చునది కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964 మొదలు ఫియట్ 1100 డిలైట్ పేరను, 1974 నుండి ప్రీమియర్ పద్మిని పేరను నిర్మించిన 1,089 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల బండి. ముంబై టాక్సీగా దీనికి కలిగిన ప్రసిద్ధి చెప్పనక్కఱలేదు. 2003 అక్టోబరు 29వ తేదీన తార్‌దేవ్ కార్యాలయమున నమోదైన కడపటి పద్మిని టాక్సీ, ఇరువదేండ్ల వయఃపరిమితి నిండి, 2023 అక్టోబరు చివర విరమించెను. సొంత బండ్లుగా మాత్రము కొన్ని నేటికిని నడచుచున్నవి. 1,489 ఘన సెంటీమీటర్ల అంబాసిడరును, 1983 డిసెంబరులో వచ్చిన 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల మారుతి 800ను ఈ కోవలోనివే. మొదటి రెంటియందు సిలిండర్లు మండు క్రమము 1-3-4-2, మారుతిలో 1-3-2. సిలిండర్లు తక్కువైన కొలది ఒకటి తప్పినచో కుదుపు పెద్దది యగును గనుక, మారుతి యజమాని ఈ రోగమును అందఱికంటె ముందుగా గుర్తించును.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు, ప్రతి సిలిండరును రెండు చుట్ల కొకసారి మండవలెను గనుక, సెకనుకు నూరు నిప్పురవ్వలు పుట్టవలెను. అవి పుట్టు విధ మిది: బ్యాటరీ యొక్క 12 వోల్టుల ప్రవాహము కాయిలులోని మందపు తీగచుట్టలో పారుచుండగా, మెకానిక్కులు డెల్కో యని పిలుచు డిస్ట్రిబ్యూటరులోని సి.బి. (కాంటాక్టు బ్రేకరు) పాయింట్లు విడివడి ఆ ప్రవాహమును చటుక్కున తెంపును. తెగిన క్షణముననే కాయిలులోని అయస్కాంతక్షేత్రము కూలి, వేల చుట్లు గల సన్నతీగయందు పదునైదు, ఇరువదివేల వోల్టుల విద్యుత్పీడనమును పుట్టించును. రోటరు దానిని డెల్కో టోపీలోని తగిన కొనకు చేర్చును. అచ్చటినుండి లావుతీగ గుండ ప్లగ్గునకు చేరి, ముప్పాతిక మిల్లీమీటరునకు లోపు సందును దుమికి, మిశ్రమమును అంటించును. అమెరికా ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతమున క్యాడిలాక్ కార్లకు సమకూర్చిన పద్ధతియే స్వల్పభేదములతో పద్మినిలోను, అంబాసిడరులోను ఉన్నది. ఇందు గుర్తుంచుకొనవలసిన విషయమొకటి కలదు. కుదించిన గాలిలో నిప్పురవ్వను దుమికించుటకు బయటి గాలిలోకంటె అత్యధిక పీడనము కావలెను. యాక్సిలరేటరును నిండుగ నొక్కినపుడు సిలిండరులో చేరు గాలి పెరిగి, కావలసిన పీడనమును పెరుగును. కావుననే ప్లగ్గును విప్పి, ఇంజను లోహమునకు ఆనించి, నీలపు రవ్వను చూపి, ప్లగ్గు బాగున్నదని తీర్పు చెప్పుట చాలదు. బయట వెలిగిన ప్లగ్గు ఘాటునందు చావవచ్చును.

సందర్భ విచారణ

నేర్పరి మొదట పానా పట్టడు, ప్రశ్నించును. మిస్సింగు చల్లని ఇంజనుననా, వేడెక్కిన పిమ్మటనా? నిలకడగా ఐడిలింగుననా, ఎత్తు ఎక్కునపుడా? వాన కురిసిన మఱునాటి ఉదయముననా? గతుకుల రోడ్డుననా? ట్యాంకు అడుగంటినపుడా? ఈ ప్రశ్నలకు యజమాని చెప్పు సమాధానములు చాల వఱకు నమ్మదగినవి. కాని "ఎప్పుడూ వచ్చును" అను సమాధానము మాత్రము నమ్మదగదు. ఒక చిన్న పుస్తకము డాష్‌బోర్డున నుంచి, కుదుపు వచ్చినప్పుడెల్ల వేళను, వేగమును, గేరును, ఇంజను వేడిమిని, వానయో ఎండయో గుర్తించుకొనినవానికి మెకానిక్కు ఋణపడియుండును.

కుదుపు యొక్క స్వభావమే తరువాతి సాక్ష్యము. విద్యుల్లోపమువలన వచ్చు మిస్సింగు తటాలున వచ్చి తటాలున పోవును; దీపపు మీట నార్పి వెలిగించినట్లుండును. పెట్రోలు కొఱతవలన వచ్చునది అట్లు కాదు. బండి మొదట నీరసించి, పిదప తడబడి, తేరుకొనుటకును కొంత వ్యవధి గొనును. యంత్రభాగముల లోపమువలన వచ్చునది ఐడిలింగున ఒకే లయతో, ఒకే సిలిండరుననే వినబడును. సాంచాల చప్పుడులో పుట్టి పెరిగిన చెవికి, వరుసగా నడచు పది మగ్గములలో ఏ మగ్గపు దెబ్బ తప్పినదో తెలిసినట్లే, సైలెన్సరు వెనుక నిలిచినపుడు ఈ లయభేదము త్వరగా తెలియును. పొగగొట్టము నోట నొక కాగితపు ముక్కను పట్టుకొని చూచుట పాతకాలపు పద్ధతి. కాగితము ఎడతెగక బయటికి ఎగురుచుండవలసినది, నడుమనడుమ లోపలికి పీల్చబడుచుండెనేని ఎగ్జాస్టు వాల్వు సరిగా మూయుట లేదని అనుమానింపవచ్చును.

యాక్సిలరేటరు స్థిరముగా నుంచి మిస్సింగు వచ్చుచుండగా చోకును కొద్దిగా లాగి చూచుట మఱియొక పరీక్ష. చోకు లాగగానే ఇంజను తేరుకొనినచో మిశ్రమమున పెట్రోలు తక్కువగుచున్నదని భావము. మఱింత చెడినచో పెట్రోలు హెచ్చుగా నున్నదో, లేక లోపము విద్యుత్తునందే కలదో యగును. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను అనేకులు మఱచిపోవుట వింత.

విద్యుద్భాగములు

పాత కార్లలో నడుమనడుమ వచ్చు మిస్సింగునకు నివాసస్థానము డెల్కో. సి.బి. పాయింట్ల సందు సుమారు అర మిల్లీమీటరులోపు, ఫీలర్ గేజితో కొలిచి యుంచవలసినది, ఫైబరు మడమ అరుగుటచే క్రమముగా తగ్గును. కాలిన పాయింట్లు ఒక పక్క గుంటపడి మఱియొక పక్క మొటిమ లేచును. పాయింట్ల నడుమ నిప్పు లేవకుండ కాచు కండెన్సరు బలహీనమైనచో అచ్చట తెల్లని నిప్పు లేచును. అది వేడిమికి మాత్రమే లోపించు గుణముగలది గావున చల్లని వర్క్‌షాపులో చక్కగా నుండి, మధ్యాహ్నపు ట్రాఫిక్కున వంచించును. డెల్కో షాఫ్టు బుష్షు అరిగినచో షాఫ్టు అటునిటు ఊగి, ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క సందు ఏర్పడును. అప్పుడు ఎన్ని కొత్త పాయింట్లు వేసినను ప్రయోజనము సున్న. షాఫ్టును వ్రేళ్లతో పట్టి పక్కకు కదిపి చూడవలసినది ఇందుకే.

వీటన్నింటికంటె మాయలమారి, డెల్కోలోపలి ఒక చిన్న తీగముక్క. పాయింట్లు బిగించిన పలక, రవ్వ పుట్టు క్షణమును ముందునకు జరుపు వ్యాక్యూం అడ్వాన్సు లాగినప్పుడెల్ల కొద్దిగా తిరుగవలెను గనుక, దానిని డెల్కో దేహమునకు కలుపు మెత్తని ఎర్తు తీగ వేలమారులు వంగి వంగి, పై గుడ్డతొడుగు చెక్కుచెదరక యుండగనే లోపలి రాగినూలు పోగుపోగుగా తెగిపోవును. పలక ఒక స్థానమున నున్నపుడు తెగిన కొనలు తాకుచుండును, యాక్సిలరేటరు నొక్కి వదలునపుడు పలక కదలి కొనలు విడిపోవును, మిస్సింగు వచ్చును. కంటికి తీగ నిండుగానే కనబడును. దానిని రెండు కొనల పట్టుకొని మెల్లగా లాగినచో, తెగిన చోట రబ్బరువలె సాగును; బాగున్న తీగ సాగదు. మల్టీమీటరును రెండు కొనలకు తగిలించి పలకను చేతితో తిప్పినచో ముల్లు ఎగిరిపడుట చూడవచ్చును. పది రూపాయలు చేయని ఈ తీగ నిమిత్తము కార్బురేటర్లు మార్చినవారు గలరు.

వానకాలపు మిస్సింగునకు టోపీ, రోటరు, లావుతీగలు కారణములు. టోపీ లోపలి గోడపై తేమ, నూనెధూళి చేరినచోట విద్యుత్తు దొంగదారి వెదకుకొని, కాలిన బొగ్గుతో వెండ్రుకవాసి నల్లని గీత గీయును. ఒకసారి గీత పడిన టోపీని తుడిచి బాగుచేయలేము, మార్చవలసినదే. లావుతీగల పైపొర పగిలినచో రవ్వ ప్లగ్గునకు పోక పక్కనున్న లోహమునకో, పొరుగు తీగకో దుముకును. దీనిని పట్టుటకు పగలు పనికిరాదు. రాత్రివేళ దీపము లార్పి, బానెట్టు తెఱచి, ఇంజను నడుపుచు, తీగలమీద సన్నని తుంపరగా నీరు చల్లినచో, తీగల వెంబడి నీలి పురుగులు ప్రాకినట్లు కాంతి కనబడును. ఈ పరీక్షలో తీగలను ఉత్తచేతులతో ముట్టరాదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను గల బండ్లయందు తగులు విద్యుత్తు దెబ్బ ప్రమాదకరము.

వేడెక్కినపుడు మాత్రమే లోపించు కాయిలును కలదు. ఇంజను మిస్సింగు వచ్చుచున్న క్షణముననే కాయిలుపై తడిగుడ్డ కప్పి చూచుట, లేక బాగున్న మఱియొక కాయిలును తీగలతో ప్రక్కన తగిలించి చూచుట నిర్ణయమార్గము. కాయిలును మార్చుటకు ముందు దానికి చేరుచున్న వోల్టులను కొలువవలెను. పాత తాళపు స్విచ్చిలోపల కాలిన పలకలచేతను, తుప్పుపట్టిన ఫ్యూజుపెట్టె చేతను, బ్యాటరీలోని 12 వోల్టులలో కాయిలునకు తొమ్మిదో పదియో మాత్రమే అందుట సాధారణము. గతుకులందు వచ్చు మిస్సింగునకు మొదట తాళపుచెవిని, దాని వెనుక తీగలను కదిపి చూడవలెను.

ప్లగ్గులు స్వయముగా దోషులగుట కంటె దోషమునకు సాక్షులగుట హెచ్చు. ముక్కు లేత ఇటుకరంగున నున్నచో మండుట సరియైనది. మసి పట్టినచో పెట్రోలు హెచ్చు, లేక నూలుపీచుతో ఎయిర్ ఫిల్టరు మూసుకొనినది. సుద్దవలె తెల్లబడినచో పెట్రోలు తక్కువ. తడినూనె యున్నచో రింగులు, వాల్వు గైడులు అరిగినవి. నాలుగింటిలో ఒక్కటే భిన్నమైనచో విచారణ ఆ సిలిండరు చుట్టును, నాలుగును ఒక్కరీతి నున్నచో కార్బురేటరు, కాయిలు మొదలగు ఉమ్మడి వస్తువుల చుట్టును తిరుగవలెను.

పెట్రోలు మార్గము

పద్మినిలోను, అంబాసిడరులోను పెట్రోలు పంపు ఇంజను ప్రక్కకు అంటుకొని, దాని వేడిమినంతయు అనుభవించుచుండును. మండువేసవి ట్రాఫిక్కున పంపులోను గొట్టములోను పెట్రోలు ఆవిరియై, ద్రవమునకు దారి లేకుండ చేయును. ముంబై టాక్సీవారు పంపుకు తడిగుడ్డ చుట్టుకొని తిరుగుచుండిన దిందుకే. తడిగుడ్డతో లోపము పోయినచో నిర్ణయము పూర్తి. ఎక్కుడు వేగమున, ఘాటునందు మాత్రమే నీరసించు బండిలో పంపు డయాఫ్రము పగులును, ఫిల్టరు మూసుకొనుటను, ట్యాంకులోని తుప్పును చూడవలెను. కార్బురేటరు జెట్టులో చేరిన కచరా ఒక్కొక్కప్పుడు అడ్డుపడి ఒక్కొక్కప్పుడు తొలగును గనుక, అది నడుమనడుమ వచ్చు మిస్సింగునకు సహజ బంధువు. ఐడిలింగున మాత్రమే తడబడి, వేగమున బాగుండు ఇంజనునందు కార్బురేటరు క్రింది గ్యాస్కెట్టునుండి దొంగగాలి చొచ్చుచున్నదేమో పరీక్షింపవలెను.

పెట్రోలే మారినదను సంగతి పాత కార్ల యజమానులు గమనింపవలసియున్నది. 2023 ఫిబ్రవరి మొదలు ఇరువది పాళ్ల ఇథనాలు కలిపిన పెట్రోలు మనదేశమున అమ్మకమునకు వచ్చి, వ్యాపించినది. పెట్రోలు పూర్తిగా మండుటకు దాని తూకమునకు 14.7 రెట్ల గాలి కావలెను. ఇథనాలునకు తొమ్మిది రెట్లు చాలును. జెట్టు కొలత మారని కార్బురేటరు ఈ మిశ్రమమును స్వయముగా సరిదిద్దుకొనలేదు. ఫలితముగా మిశ్రమము పలుచనగును. అంతేగాక ఇథనాలు తేమను పీల్చును. భివండి వానకాలమున వారముల తరబడి కదలక నిలిచిన కారు ట్యాంకులో నీరు, ఇథనాలు కలిసి అడుగున పేరుకొనవచ్చును. పాత రబ్బరు గొట్టములును, డయాఫ్రములును ఉబ్బి పగులును. అట్టి బండికి ఇథనాలునకు తట్టుకొను గొట్టములు వేయించి, ట్యాంకును నింపియుంచుట మంచిది.

యంత్రభాగములు

ఇవి నడుమనడుమ లోపించుట అరుదు గనుక కొద్దిగా చెప్పిన చాలును. ట్యాపెట్టు సందు లేకుండపోయిన ఎగ్జాస్టు వాల్వు వేడెక్కినపుడు సాగి, పూర్తిగా మూయక, ఆ సిలిండరును చంపును. చల్లారిన పిదప మఱల మూయును. 2000 ఫిబ్రవరి 1 నుండి సీసము కలిపిన పెట్రోలు దేశమంతట నిలిచిపోగా, మెత్తని వాల్వు పీఠములు గల పాత ఇంజనులందు పీఠములు అరిగి ట్యాపెట్టు సందులు త్వరగా తగ్గుచున్నవి. ఉదయము స్టార్టు చేసినంతనే ఒక నిమిషము మిస్సింగును తెల్లని పొగయు కనబడి, పిదప చక్కబడినచో, రాత్రి హెడ్ గ్యాస్కెట్టు గుండ ఒక సిలిండరులోనికి నీరు ఊరుచున్నదని తలపవలెను. కంప్రెషన్ గేజితో సిలిండర్ల నన్నిటిని కొలిచి, వానిలో ఒకటి తక్కినవానికంటె పది పదునైదు పాళ్లకు మించి తగ్గినచో అనుమానింపవలెను. ఆ సిలిండరులో చెంచాడు నూనె పోసి మఱల కొలువగా గేజి లేచినచో రింగులు, లేవనిచో వాల్వులో గ్యాస్కెట్టో కారణము.

ఇంజెక్షను పద్ధతి గల తరువాతి కార్లు వేఱు తరగతివి. 2000 తరువాతి మారుతులయందు కంప్యూటరు కలదు గాని, మనదేశమున లోపసంకేతములను చదువు ఓ.బి.డి. పద్ధతి 2010 ఏప్రిల్ మొదలు దశలవారిగా తప్పనిసరి యగుటచే, అంతకు పూర్వపు బండ్లు స్కానరుకు చెప్పునది స్వల్పము. వానియందు వేడెక్కినపుడు లోపించు క్రాంకు సెన్సారు పూర్వపు కండెన్సరు స్థానము నాక్రమించినది. ఒక్కొక్క ప్లగ్గు తీగను లాగి ఏ సిలిండరు చచ్చినదో చూచు పాతపద్ధతిని కెటలిటిక్ కన్వర్టరు గల బండ్లపై ప్రయోగింపరాదు; మండని పెట్రోలు కన్వర్టరులో మండి దానిని నాశనము చేయును.

పరీక్షల వరుస విషయమున ఒక మాట. ఏ లోపమైనను దానిని ముందు రప్పించి, పిదప ఒకేయొక వస్తువును మార్చి, మఱల రప్పింప యత్నింపవలెను. ఒకేమారు నాలుగు వస్తువులు మార్చిన మెకానిక్కు లోపమును పోగొట్టినను దానిని కనుగొనలేదు. పైగా మార్కెట్టులో దొరకు నాసిరకపు పాయింట్లు, కండెన్సర్లు కొత్త లోపమును తెచ్చిపెట్టుట కలదు. విప్పిన పాత కంపెనీ కండెన్సరు బాగున్నచో పారవేయక డిక్కీలో దాచుకొనవలెను.

పదునైదేండ్లు నిండిన సొంతకారు రిజిస్ట్రేషనును అయిదేండ్ల కొకమారు ఫిట్‌నెసు పరీక్షతో పునరుద్ధరించుకొనవలసియుండును. ఆ తరుణమున పొగ పరీక్ష తప్పదు. 2000 మార్చికి ముందు తయారైన పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడు 3 శాతము, మండని హైడ్రోకార్బనులు పదిలక్షల పాళ్లకు 1,500 హద్దులు. మోనాక్సైడు తక్కువగా నుండి హైడ్రోకార్బనులు మాత్రమే హద్దు మీరినచో ఆ పరీక్ష చీటీయే మిస్సింగునకు లిఖితసాక్ష్యము. దానిని పారవేయక మెకానిక్కునకు చూపవలెను.